డిస్కు తాళాలు: కొన్నవారినే నిలదీసే కాపలా

కంప్యూటర్ ఆటలను సమీక్షించేటప్పుడు గ్రాఫిక్స్ గురించి, కథ గురించి, ధర గురించి రాస్తాం గానీ, అదే పెట్టెలో ఆటతో పాటు మన ఇంటికి వచ్చే మరో సరుకును విడిగా తూచి చూడడం అరుదు. 1990ల చివరి నుంచి సుమారు పదేళ్లపాటు సీడీల మీద, డీవీడీల మీద అమ్ముడైన ఆటల్లో చాలావాటికి ఒక తాళం ఉండేది. ఆట మొత్తాన్ని హార్డ్ డిస్కులోకి ఎక్కించుకున్న తర్వాత కూడా, ఆడదలచుకున్న ప్రతిసారీ అసలు డిస్కు డ్రైవులో కనబడాలని అది పట్టుబట్టేది. సేఫ్‌డిస్క్, సెక్యూరామ్, స్టార్‌ఫోర్స్ ఆ కోవలో ఎక్కువగా వినబడిన పేర్లు. మొదటిది మాక్రోవిజన్ అనే అమెరికా సంస్థది, రెండోది ఆస్ట్రియాలోని సోనీ డీఏడీసీది, మూడోది మాస్కోలోని ప్రొటెక్షన్ టెక్నాలజీ అనే సంస్థది. వీటిని డబ్బిచ్చి కొన్నది ఆటల ప్రచురణ సంస్థలే అయినా రోజూ భరించింది మాత్రం ఆటగాళ్లు. అందుచేత ఆ వైపు నుంచి వీటికి ఒక సమీక్ష బాకీ ఉంది.

ముందుగా వీటి పనితనానికి దక్కవలసిన మెప్పు దక్కాలి. సీడీ మీద సమాచారం సెక్టార్లు అనే 2352 బైట్ల చిన్న ముక్కలుగా పరచుకుని ఉంటుంది. అందులో 2048 బైట్లు ఫైళ్లకు పోగా, మిగతావి సెక్టారు గుర్తింపుకూ దోషాలను సరిదిద్దడానికీ పనికొస్తాయి. సేఫ్‌డిస్క్ వాడిన ఉపాయం ఏమిటంటే, డిస్కులో ఒకచోట కొన్ని వేల సెక్టార్లను చదవడానికి వీల్లేకుండా కావాలనే అచ్చు వేయించడం. మామూలు కాపీ సాఫ్ట్‌వేర్ అక్కడికి వచ్చేసరికి చతికిలబడుతుంది. ఆ చిక్కును దాటే సాఫ్ట్‌వేర్లు వచ్చాక, సీడీ రైటర్లు సరిగా రాయలేని బిట్ల వరుసలు గల బలహీన సెక్టార్లను తర్వాతి వెర్షన్లలో చేర్చారు. ఆట అసలు ప్రోగ్రామును ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే గుప్తలిపిలోకి మార్చి ఉంచి, డిస్కు మీద ఆశించిన గుర్తులు కనబడితేనే దాన్ని విప్పేవారు. సెక్యూరామ్ తర్వాతి వెర్షన్లయితే డిస్కు మీద సమాచారం ఎక్కడ ఎంత చిక్కగా పరచి ఉందో కొలిచేవి. ఫ్యాక్టరీలో అచ్చైన డిస్కు గాడికి ఒక కొలత ఉంటుంది. బజారులో దొరికే ఖాళీ సీడీలో ఆ గాడి ముందే గీసి ఉంటుంది కాబట్టి, ఒక్క బిట్టు పొల్లుపోకుండా కాపీ చేసినా ఆ కొలతలో తేడా పట్టుబడిపోతుంది. బిట్లను నకలు తీయవచ్చు గానీ ప్లాస్టిక్ మీద వాటి చోటును నకలు తీయలేం అన్న ఆ ఆలోచన నిజంగా మెచ్చుకోదగినది. స్టార్‌ఫోర్స్ తాళంతో 2005 మార్చిలో విడుదలైన స్ప్లింటర్ సెల్: కేయాస్ థియరీని ఏడాది దాటేవరకు ఎవరూ ఛేదించలేకపోయారు. విడుదల నాటికే, ఒక్కోసారి అంతకు ముందే, దొంగ కాపీలు బయటపడే ఆ రోజుల్లో ప్రచురణ సంస్థలకు అది చిన్న సంగతి కాదు.

ఇంత తెలివీ ఆధారపడినది మాత్రం ఇంట్లో అన్నిటికంటే త్వరగా పాడయ్యే వస్తువుల మీద. ఆటకు గీతలు పడవు, బూజు పట్టదు, అరుగుదల లేదు. హార్డ్ డిస్కులో ఉన్నంతకాలం మొదటి రోజు ఎలా నడిచిందో అలాగే నడుస్తుంది. అలాంటి దాని ప్రాణాన్ని తీసుకెళ్లి ఒక ప్లాస్టిక్ బిళ్లకూ, దాన్ని తిప్పే మోటారుకూ, ఆ మోటారుతో మాట్లాడే ఒక డ్రైవర్ ఫైలుకూ ముడిపెట్టారు. నా దృష్టిలో ఈ సరుకులో ఉన్న అసలు లోపం ఇదే. తక్కినవన్నీ దీనినుంచి పుట్టినవే.

రోజువారీ వాడకం ఎలా ఉండేదో గుర్తుచేసుకుందాం. ఐకాన్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే వెంటనే ఏమీ జరగదు. కాసేపటికి సీపీయూ లోపల డ్రైవు గుర్రుమంటూ వేగం అందుకుంటుంది, ఆగుతుంది, వెనక్కి వెళ్లి మళ్లీ చదువుతుంది. కొన్ని ఆటల్లో మౌస్ బాణం పక్కన చిన్న డిస్కు బొమ్మ తిరుగుతూ ఉంటుంది. ఈ తంతు సవ్యంగా ముగిస్తే ఆట తెరుచుకుంటుంది. ముగియకపోతే అసలు డిస్కును పెట్టమని ఒక పెట్టె తెర మీదికి వస్తుంది, అసలు డిస్కు లోపల తిరుగుతూ ఉండగానే. కావాలని పాడుచేసిన సెక్టార్లకూ, నిజంగా గీత పడి పాడైన సెక్టార్లకూ మధ్య సందిగ్ధంలో పడేది తాళమే అయినా, దోషిగా నిలబడేది కొన్న మనిషి. డ్రైవు లెన్సు మీద కాస్త దుమ్ము చేరినా, ఫలానా కంపెనీ డ్రైవు చదివే తీరు తాళానికి నచ్చకపోయినా ఇదే వరస. అదే డిస్కు పక్కింటి కంప్యూటర్‌లో దర్జాగా నడుస్తుంది.

డిస్కు పాడవడంలో కూడా ఒక విడ్డూరం ఉంది. సీడీకి కింద మెరిసే వైపు గీతలు పడితే భయపడతాం గానీ, ప్రతిఫలించే పొర ఉండేది పైన బొమ్మ అచ్చేసిన వైపు, పల్చటి వార్నిష్ లాంటి పూత కిందే. కింద పడ్డ గీతను మెరుగుపెట్టి కొంతవరకు పోగొట్టవచ్చు. బొమ్మ వైపు గీత లోతుగా పడితే ఆ సమాచారం ఇక రాదు. దానికి తోడు మరొకటి. ఆట పెట్టెలోని ప్లాస్టిక్ డబ్బాలో డిస్కును పట్టి ఉంచే పళ్లు కొన్ని కంపెనీల పెట్టెల్లో మరీ బిగుతుగా ఉండేవి. ఆడిన ప్రతిసారీ డిస్కును వంచి లాగాలి కాబట్టి మధ్య రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శక వలయంలో వెంట్రుకంత పగుళ్లు మొదలై, మెల్లగా లోపలికి పాకేవి. ఆ స్థితిలో ఉన్న డిస్కును 52 రెట్ల వేగంతో తిరిగే డ్రైవులో పెట్టడం ఎంత మంచిదో చెప్పనక్కరలేదు. ఇలా పగిలిన డిస్కును పట్టుకుని నేను ఒక దుకాణానికి వెళితే, వారు బిల్లు చూసి డిస్ట్రిబ్యూటరును అడగమన్నారు. డిస్ట్రిబ్యూటరేమో మాన్యువల్ వెనక పేజీలో ఉన్న 90 రోజుల గడువు చూపించారు. హార్డ్ డిస్కులో ఆట పూర్తిగా, నిక్షేపంగా ఉంది. దాన్ని తెరిచే హక్కు మాత్రం ప్లాస్టిక్‌తో పాటు పగిలిపోయింది.

సొంత ఇంట్లో అడుగుపెట్టిన ప్రతిసారీ గుమ్మం దగ్గర రిజిస్ట్రేషన్ దస్తావేజు ఒరిజినల్ చూపించాలి, జిరాక్సు చెల్లదు, ఒరిజినల్ చిరిగితే ఇల్లు మీది కాదు అన్నట్టుంటుంది ఈ నిబంధన. మన చట్టం ఇంత కఠినంగా లేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52(1)(ఏఏ) క్లాజు ప్రకారం, కంప్యూటర్ ప్రోగ్రాము కాపీని చట్టబద్ధంగా కలిగి ఉన్నవారు అది పోవడం, ధ్వంసం కావడం, పాడవడం వంటివాటి నుంచి రక్షణగా బ్యాకప్ కాపీ తీసుకోవడం ఉల్లంఘన కిందికి రాదు. 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్ సాంకేతిక తాళాలను ఛేదించడాన్ని రెండేళ్ల వరకు జైలు, జరిమానా విధించదగిన నేరంగా చేసినా, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తేనే అని షరతు పెట్టింది. అంటే కాగితం మీద మనకు దక్కిన వెసులుబాటును ఆ పాడుచేసిన సెక్టార్లు చేతల్లో లేకుండా చేశాయి. అమెరికాలో తాళాలు ఛేదించడాన్ని 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం చాలా గట్టిగా నిషేధించినా, ఒరిజినల్ డిస్కో యంత్రమో ఉంటేనే తెరుచుకునే, కాలం చెల్లిన ఫార్మాట్లలోని ఆటలను భద్రపరచడానికి గ్రంథాలయాలకూ ఆర్కైవులకూ 2006లో అక్కడ మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది.

డిస్కూ, డ్రైవూ బాగున్నంత మాత్రాన కథ సుఖాంతమయ్యేది కాదు. సేఫ్‌డిస్క్ పనిచేయడానికి సెక్‌డ్రవ్.సిస్ అనే డ్రైవర్ ఫైలు విండోస్ లోపలి పొరలో నడవాలి. ఈ ఫైలును మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీతో కలిపే పంపిణీ చేసింది. కాబట్టి ఆటల ఊసే లేని ఆఫీసు కంప్యూటర్లలో, బ్యాంకు కౌంటర్లలో కూడా అది ఉండేది. 2007లో ఆ ఫైలులో ఒక లోపం బయటపడింది: మామూలు యూజరుగా లాగిన్ అయినవారు దాని ఆసరాతో కంప్యూటర్ మీద పూర్తి అధికారం చేజిక్కించుకోవచ్చు. అది అప్పటికే దాడుల్లో వాడుకలోకి వచ్చింది. డిసెంబరులో గానీ మైక్రోసాఫ్ట్ దిద్దుబాటు విడుదల చేయలేదు. ఆట కాపీ కాకుండా చూడడానికి పెట్టిన కాపలా, ఆటే ఆడని మనిషి కంప్యూటర్‌కు కన్నం వేయడానికి దారి అయింది. 2009లో మాక్రోవిజన్ రోవి అని పేరు మార్చుకుని వేరే వ్యాపారాల్లో పడింది. ఆ ఫైలును పట్టించుకునేవారు లేకపోయారు. చివరికి 2015లో వచ్చిన విండోస్ 10లో దానికి చోటు ఇవ్వలేదు. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ విస్టా, 7, 8, 8.1లలో కూడా ఆ ఫైలుతో నడిచే సర్వీసును ఆపేసింది.

భద్రత దృష్ట్యా మైక్రోసాఫ్ట్ చేసింది సరైన పనే అని నేను అనుకుంటాను. కానీ దాని ఫలితం చూడండి. 2003లో, రైట్ సోదరుల తొలి విమానయానానికి నూరేళ్లు నిండిన సందర్భంగా, మైక్రోసాఫ్టే నాలుగు సీడీల పెట్టెగా ఫ్లైట్ సిమ్యులేటర్ 2004ను విడుదల చేసింది. దానికి ఉన్నది సేఫ్‌డిస్క్ తాళమే. ఆడేటప్పుడు డ్రైవులో ఉండవలసింది నాలుగో సీడీ. మైక్రోసాఫ్ట్ అమ్మిన ఆట, మైక్రోసాఫ్ట్ అమ్మిన విండోస్ 10 మీద, ఏమాత్రం చెక్కుచెదరని డిస్కుతో కూడా తాళం దాటి తెరుచుకోదు. హైదరాబాద్ విమానాలు ఇంకా బేగంపేటలో దిగే కాలం నాటి ఆట అది. శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది 2008 మార్చిలో. బేగంపేట రన్‌వే మీద దిగిన సరదా ఇప్పుడు నిజ జీవితంలో దొరకదు, ఆ సీడీ ద్వారానూ సులభంగా దొరకదు. విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్ అందుబాటులో ఉంటే, అడ్మినిస్ట్రేటరుగా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఆ సర్వీసును ఆట కోసం మొదలుపెట్టి, ఆట ముగిశాక ఆపేసే పద్ధతి ఒకటుంది. ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేకుండా చూసుకోవడం మేలు.

ఇంత జరిగినా మూడింటిలో సేఫ్‌డిస్క్‌దే కాస్త పెద్దమనిషి తరహా. స్టార్‌ఫోర్స్ ఆటతో పాటు తన డ్రైవర్లను విండోస్ అతి లోపలి పొరలో చెప్పాపెట్టకుండా స్థాపించేది. ఆటను తీసేసినా అవి చాలాసార్లు అక్కడే ఉండిపోయేవి. వాటిని తొలగించడానికి వేరే పనిముట్టు వెతుక్కోవాలి. స్టార్‌ఫోర్స్ వచ్చాక తమ డ్రైవు నెమ్మదించిందని, సీడీలు రాయడం మానేసిందని ఎందరో వాడుకరులు వాపోయారు. కంపెనీ ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు. ఎవరి మాట ఎంత నిజమన్నది పక్కనపెట్టినా, ఒక ఆట కొంటే డ్రైవు సంగతి ఏమవుతుందో అని అనుమానపడే పరిస్థితి రావడమే ఆ సరుకు మీద తీర్పు. అదే కాలంలో, 2006 ఫిబ్రవరిలో, స్టార్‌డాక్ అనే సంస్థ గెలాక్టిక్ సివిలైజేషన్స్ 2 అనే ఆటను డిస్కు తాళమేమీ లేకుండా విడుదల చేస్తే అది బాగా అమ్ముడైంది. ఆ మరుసటి నెల స్టార్‌ఫోర్స్ ఉద్యోగి ఒకరు ఆ ఆట దొంగ కాపీ ఎక్కడ దొరుకుతుందో చూపే లింకును ఇంటర్నెట్‌లో పెట్టారు! తాళాలమ్మే సంస్థ తరఫున అంతకంటే అపహాస్యమైన పని ఇంకొకటి ఊహించలేం. 2006 ఏప్రిల్‌లో స్ప్లింటర్ సెల్ ప్రచురణ సంస్థ యూబీసాఫ్ట్ స్టార్‌ఫోర్స్‌ను వదిలేసింది.

సెక్యూరామ్ గుణం అనుమానం. డ్రైవులో డిస్కు ఉన్నట్టు భ్రమింపజేసే వర్చువల్ డ్రైవు సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో కనబడితే చాలు, దాన్ని దేనికి వాడుతున్నారో అడగకుండానే ఆట తెరవడానికి మొరాయించేది. కంప్యూటర్‌లో ఏమేం నడుస్తున్నాయో చూపడానికి మైక్రోసాఫ్ట్ తానే ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ నడుస్తున్నా కొన్ని వెర్షన్లు తెరుచుకునేవి కావు. తర్వాత డిస్కు చిక్కు వదిలించే పేరుతో ఇంటర్నెట్ యాక్టివేషన్, అంటే ఆటను ఎక్కించుకున్నప్పుడు ఇంటర్నెట్ ద్వారా కంపెనీ అనుమతి తెచ్చుకునే పద్ధతి, తెచ్చారు. 2007లో వచ్చిన బయోషాక్‌కు మొదట ఇచ్చినవి రెండే యాక్టివేషన్లు, గోల పెరిగాక ఐదు చేశారు. 2008లో స్పోర్ మూడు యాక్టివేషన్లతో వచ్చేసరికి అమెజాన్‌లో ఒకే నక్షత్రం ఇచ్చిన సమీక్షలు వేలల్లో వచ్చి పడ్డాయి. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా, మదర్‌బోర్డు మార్చినా ఒక లెక్క తగ్గుతుంది. ఏ వోల్టేజీ దెబ్బకో బోర్డు పోవడం, సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో భాగాలు కొనుక్కుని మళ్లీ అసెంబుల్ చేయించుకోవడం మామూలైన మన ప్రాంతంలో మూడు అనే అంకె ఎన్నాళ్లకు సరిపోతుంది?

ఇవన్నీ దొంగ కాపీలను ఆపి ఉంటే కనీసం ఒక సమాధానం ఉండేది. మన ఊళ్లలో నెట్ సెంటర్లలోనూ, ఇంజనీరింగ్ హాస్టళ్లలోనూ ఆ రోజుల్లో తిరిగిన ఆటల్లో అధిక భాగం ఎలాంటివో అందరికీ తెలుసు. ఫుట్‌పాత్ మీద కొన్న డిస్కులో క్రాక్ అనే ఫోల్డరు ఒకటి ఉండేది. అందులోని ఫైలును ఆట ఫోల్డరులో వేసుకుంటే ఇక డిస్కుతో పని లేదు. డ్రైవు గుర్రుమనదు, డ్రైవర్లు చేరవు, ల్యాప్‌టాప్ బ్యాటరీ కూడా కొంత మిగులుతుంది. వందల రూపాయలు పెట్టి సీలు వేసిన పెట్టె కొన్నవారే సీడీ కోసం సొరుగులు వెతుక్కునేవారు. ఈ తేడా ఎంత దూరం పోయిందంటే, 2008లో యూబీసాఫ్ట్ ఆట రెయిన్‌బో సిక్స్ వేగాస్ 2కు వచ్చిన ఒక ప్యాచ్ (దిద్దుబాటు ఫైలు), ఇంటర్నెట్ నుంచి డౌన్‌లోడ్ రూపంలో కొన్నవారిని కూడా డిస్కు పెట్టమని అడగడం మొదలుపెట్టింది. వారి దగ్గర డిస్కు అంటూ ఎన్నడూ లేదు. అప్పుడు యూబీసాఫ్ట్ సిబ్బంది తమ సైటులో పరిష్కారంగా ఉంచిన ఫైలు, పైరసీ ముఠా ఒకటి తయారుచేసిన నో-సీడీ క్రాక్ అని తేలింది.

మర్యాదగా తప్పుకున్నవారూ ఉన్నారు. బ్లిజర్డ్ సంస్థ స్టార్‌క్రాఫ్ట్‌కూ, వార్‌క్రాఫ్ట్ 3కూ, డయాబ్లో 2కూ 2008లో ప్యాచ్‌లు ఇచ్చి డిస్కు తనిఖీని తీసేసింది. సీడీలోని పెద్ద ఫైలును హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకుంటే చాలు. అప్పటికి స్టార్‌క్రాఫ్ట్ వయసు పదేళ్లు. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ 2011 మేలో ద విచర్ 2ను విడుదల చేసి, కొద్ది రోజులకే ప్యాచ్ 1.1తో దుకాణాల్లో అమ్మిన డిస్కుల నుంచి కూడా తాళం తీసేసింది. అమ్మకాలు ముగిశాక తాళం తీసేయడానికి ఒక ప్యాచ్ చాలని వీరు చూపించారు. ఆ చిన్న పని చేయకుండా ఆటను గాలికి వదిలేసిన ప్రచురణ సంస్థల మీద నాకు తాళం తయారుచేసినవారి మీద కంటే ఎక్కువ ఫిర్యాదు ఉంది.

ఇప్పుడు పాత పెట్టె కొనదలచుకున్నవారికి నా సలహా. ముందుగా ఆ ఆట గాగ్ వంటి తాళాల్లేని దుకాణంలో దొరుకుతుందేమో చూడండి. 2008లో మొదలైన ఆ దుకాణంలో పాత ఆటలను ఇప్పటి విండోస్ మీద నడిచేలా సరిచేసి అమ్ముతున్నారు. దొరకకపోతే, ప్రచురణ సంస్థే తనిఖీ తీసేస్తూ ప్యాచ్ ఇచ్చిందా అని వెతకండి. ఊరూపేరూ లేని సైట్ల నుంచి క్రాక్ ఫైళ్లు దించుకోవద్దు, వాటితో పాటు ఏమేం వస్తాయో చెప్పలేం. అమ్మేవారిని డిస్కు మధ్య వలయాన్ని, బొమ్మ అచ్చేసిన వైపును వెలుతురుకు ఎదురుగా పట్టి ఫోటో తీసి పంపమనండి. సేఫ్‌డిస్క్ ఉన్న ఆట అయితే విండోస్ 7 లేదా ఎక్స్‌పీ నడిచే పాత కంప్యూటర్, అందులో మంచి డ్రైవు ఉంటేనే పూర్తి ధర పెట్టండి. యాక్టివేషన్ అడిగే సెక్యూరామ్ పెట్టె అయితే పాత యజమాని లెక్కంతా వాడేసి ఉండవచ్చని అనుకునే బేరమాడండి. స్టార్‌ఫోర్స్ పాత వెర్షన్లు ఉన్నవాటికి మాత్రం మాన్యువల్‌కూ, లోపలి మ్యాపుకూ ఎంత విలువ కడతారో అంతకు మించి ఇవ్వకండి.